నారాయణ బంతి

ఆర్షియాకు ఆ ఆట పేరే ఇప్పటికీ మింగుడు పడలేదు. కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి, మిగిలినదంతా చేతుల మీదే నడుస్తుంది, పేరు మాత్రం ఫుట్‌బాల్. బంతి కూడా గుండ్రంగా ఉండదు, బాదంకాయలాగా కొసలు మొన తేలి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజే ఈ సందేహం బయటపెడితే, పక్క సీట్లోని ప్రశాంతి తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "మనకు జీతమిచ్చేది పేరు బాగుందా లేదా చెప్పేదానికి కాదు పాపా, బంతి యాడ పడిందో రాసేదానికి" అంది.

పని అదే. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలో, ఒక నగల దుకాణం మీది రెండో అంతస్తులో, పద్దెనిమిది మంది కంప్యూటర్ల ముందు కూర్చుని అమెరికా ఆటల వీడియోలకు గుర్తులు పెడతారు. ఒక మీట నొక్కితే బొమ్మ ఒక్క పిసరు ముందుకు జరుగుతుంది, ఇంకోటి నొక్కితే అంతే వెనక్కి. బంతి చెయ్యి విడిచిన క్షణం ఏది, అందుకోవాల్సినవాడు ఆ క్షణాన ఎక్కడున్నాడు, అందిందా లేదా. అందకపోతే ఆఖరి గడిలో తప్పు ఎవరిదో రాయాలి. విసిరినవాడిదా, అందుకోవాల్సినవాడిదా. ఆ గడి ఖాళీగా వదిలితే ఫైలు ముందుకు కదలదు.

నాలుగు నెలలుగా ఆర్షియా చూస్తున్నది ఒక్క మనిషినే. పేరు వేడ్ హాలిక్, చొక్కా మీద పదకొండో నంబరు, ఆడే స్థానం క్వార్టర్‌బ్యాక్. జట్టులో బంతి పంచిపెట్టేవాడన్నమాట. ఎదురు జట్టువాళ్ళు మీదపడి నేలకు కొట్టేలోపు, ఎవరు ఎటు పరుగెడుతున్నారో చూసుకుని, వాడు చేరబోయే చోటికి బంతి విసరాలి. ఆయన ఆట మానేసి చాలా ఏళ్ళయింది. ఆడిన పదమూడేళ్ళనూ ఎవరో అక్కడ ఒకచోట చేర్చి దాచిపెడుతున్నారట. ఫైళ్ళు వరస లేకుండా వస్తాయి. సోమవారం గడ్డం నెరిసిన మనిషి, మంగళవారం మీసాలైనా సరిగ్గా రాని కుర్రాడు. భుజానికి ఆపరేషన్ అయిన ఏడాది నుంచీ చెయ్యి కాస్త కిందికి దిగిందని ఆర్షియా ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. విసిరే ముందు రెండు వేళ్ళు నాలుకకు తాకించుకుంటాడు. విసిరాక బంతిని చూడడు, అందుకునేవాడి పాదాలు చూస్తాడు.

ఈ అలవాటు ఆమె ఎరిగిన ఇంకో మనిషికి ఉంది. అమ్మ తమ్ముడు షరీఫ్. ఒకప్పుడు జమ్మలమడుగు వాలీబాల్ జట్టుకు లిఫ్టర్. బంతిని వల పక్కన ఎత్తి ఇచ్చేవాడు లిఫ్టర్, ఎగిరి కొట్టేవాడు షూటర్. కొట్టినవాడికి చప్పట్లు, ఎత్తి ఇచ్చినవాడికి అరిగిపోయిన వేళ్ళు. షరీఫ్ మాత్రం ఆ వేళ్ళతోనే ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం సంపాదించాడు.

బుధవారం నాడు హాలిక్ ఆఖరి ఆట వచ్చింది.

ఇంకా ఇరవై సెకండ్లుంది. బంతి అందితే గెలుపు. హాలిక్ వేళ్ళు నాలుకకు తాకించుకున్నాడు, నాలుగడుగులు వెనక్కి వేశాడు, విసిరాడు. బంతి మైదానం లోపలి వైపుకు పోయింది. అందుకోవాల్సిన ఎనభై నాలుగో నంబరు కుర్రాడు బయటి గీత వైపుకు పరుగెత్తాడు. మధ్యలో ఎదురు జట్టువాడు నిలబడి, బజార్లో ఎవరో పిలిచి ఇచ్చినట్టు, బంతిని పట్టుకున్నాడు. వ్యాఖ్యానం చెప్పే ఇద్దరూ కుర్రాడి మీద పడిపోయారు. ఎక్కడికి పరుగెత్తాలో మరచిపోయాడు, ముసలాయన ఆఖరి ఆటను మట్టిలో కలిపాడు అన్నారు. ఎనభై నాలుగు రెండు చేతులూ తల మీద పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

ఫైలు చివర విలేఖరుల ముందు హాలిక్ మాట్లాడిన ముక్క ఉంది. దానికి గుర్తులేమీ పెట్టక్కర్లేదు. అయినా ఆర్షియా చూసింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఆ బంతి తప్పు నాది అన్నాడు. ఎవరో నవ్వారు. మళ్ళీ అన్నాడు, నా తప్పు, రాసుకోండి అని. విలేఖరులు లేచి చప్పట్లు కొట్టారు. ఎంత పెద్ద మనసో అని ఒకామె అనడం కూడా వినిపించింది. ఆర్షియా కుతూహలం కొద్దీ మరుసటి ఏడాది ఆటగాళ్ళ జాబితాలు తీసి వెతికింది. ఎనభై నాలుగో నంబరు కుర్రాడి పేరు ఏ జట్టులోనూ లేదు.

ఆఖరి గడిలో 'అందుకోవాల్సినవాడు' అని పెట్టింది. పక్కన వివరాల గడిలో అలవాటుగా 'ఎన్' అని కొట్టింది.

ఆ ఎన్ గురించి చెప్పాలి. జమ్మలమడుగు మైదానంలో ఏ షూటరైనా బంతి కాడికి రాకుండా ఇంకెక్కడో ఎగిరితే, జనం 'నారాయణ బంతి' అని కేకేస్తారు. పులివెందుల బడిపిల్లల దాకా పాకిన మాట అది. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఫైనల్లో షరీఫ్ ఎత్తిన ఆఖరి బంతికి నారాయణ అనే షూటర్ రానే లేదు. బంతి ఖాళీ నేల మీద పడింది, ఆట పోయింది. చూడ్డానికొచ్చిన ఫ్యాక్టరీవాళ్ళు, ఉన్న ఒక్క ఉద్యోగాన్నీ షరీఫ్‌కు ఇచ్చి పోయారు. ఆర్షియా ఈ కథ వింటూ అన్నం తిన్న పిల్ల. ఆఫీసులో బంతి జారవిడిచే అమెరికావాళ్ళను చూసి మొదటిసారి "నారాయణ" అన్నది ఆమే. ప్రశాంతి పగలబడి నవ్వింది. వారం తిరిగేసరికి గది మొత్తం ఎన్ అని కొట్టడం మొదలుపెట్టింది.

గురువారం అదే ఆట ఇంకో కెమెరాతో వచ్చింది. ఇది హాలిక్ వీపు వెనక, ఎత్తున కట్టిన కెమెరా. రెండూ సరిచూసి శనివారం సాయంత్రానికి ఫైలు మూసెయ్యాలి. ఆర్షియా పదిసార్లు చూసింది. తప్పు కుర్రాడిదేనని తెలుస్తూనే ఉంది. కానీ తనది కాని తప్పును మనిషి నెత్తిన వేసుకుంటే ఒకసారి వేసుకుంటాడు, రాసుకోండి అని రెండోసారి ఎందుకంటాడు? అది ఆమెను తొలిచేస్తోంది.

శుక్రవారం ఇంటి దగ్గరే పని. జుమ్మా నమాజు చేసుకుని షరీఫ్ నేరుగా అక్క ఇంటికే వచ్చాడు. ఆదివారం జమ్మలమడుగు టోర్నమెంటుకు ఆయనే ముఖ్య అతిథి. శాలువా కప్పుతారట, అందుకని కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. అక్క షాహీదాబీ చాయ్ పెడుతూ లోపల్నుంచే, "శాలువా కిందికి చొక్కా ఎవురికి కనపడతాదిరా" అంది.

"మామూ, ఇట్ల రా. ఒక బంతి చూపిస్తా" అంది ఆర్షియా.

షరీఫ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఆట ఆయనెప్పుడూ చూడలేదు. రెండు నిమిషాల్లో సగం అర్థం చేసుకున్నాడు. "ఈయప్ప మనోడే" అన్నాడు హాలిక్‌ను చూసి. "చూడు, వాని కాడికి ఎయ్యడంలా, వాడు రాబోయే తావుకు ఏస్తాండాడు. శానా కష్టం అది. మనిషి మీద నమ్మకం ఉంటేనే చెయ్యి ఇడుస్తాది."

ఆర్షియా ఆఖరి బంతి ఆడించింది. షరీఫ్ తొడ మీద చరుచుకున్నాడు. "ఇంగేముంది, నారాయణ బంతి. అచ్చం అదే. పాపం ఎంత బాగా ఏసినాడు."

"ఎనక కెమెరా గూడా చూడు మామూ. ఈయప్ప ఆట అయినాక తప్పు నాదే అన్న్యాడు. ఎందుకన్న్యాడో నాకి తెల్లా."

షరీఫ్ నవ్వుతూనే ముందుకు వంగాడు. బొమ్మ పిసరు పిసరుగా జరుగుతోంది. హాలిక్ వంగాడు, అటూ ఇటూ చూశాడు, ఎడమచెయ్యి నడుం మీదికి తెచ్చాడు.

"ఆగు" అన్నాడు షరీఫ్. "ఎనక్కి పో. ఇంగా. ఆఁ, ఆడ."

హాలిక్ ఎడమచెయ్యి శిరస్త్రాణాన్ని రెండుసార్లు తట్టింది. చెమట చిరాకుకు తట్టుకున్నాడనుకుని ఆర్షియా పదిసార్లూ దాటేసిన చోటు అది.

"అంతకు ముందు నడుం మీద చెయ్యి పెట్న్యాడే, అది మొదటి సైగ. ఇది రెండోది. ఎదురోళ్ళు జరిగింది చూసి మార్చినాడు. పిల్లోడు యాడుండాడు, ఆ పిల్లోన్ని చూపించు."

తెర మూలన ఎనభై నాలుగు కనిపించాడు. చెయ్యి నడుం మీద ఉన్నంతసేపూ వాడి ముఖం హాలిక్ వైపే ఉంది. చెయ్యి పైకి లేచేసరికి ముఖం గీత వైపు తిరిగిపోయింది. ఆర్షియా ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. నాలుగుసార్లూ అదే.

"పిల్లోడు చూడలా" అన్నాడు షరీఫ్ మెల్లగా. "వానికి మొదట ఏం చెప్పినారో అదే చేసినాడు. వాడు చూసినాడో లేదో చూసుకోవల్సింది ఏసేటోడే. ఈయప్ప పెద్ద మనసుతో చెప్పలా పాపా. నిజం చెప్పినాడు. ఎవురూ నమ్మలా అంతే."

ఆర్షియాకు బుధవారం పడిన ముడి విడిపోయింది. ఆ సంతోషంలో మామూ వైపు తిరిగింది. ఆయన తెర చూడటం లేదు. కుడిచెయ్యి వీపు వెనక్కి పోయి ఉంది. వలకు ఎదురుగా నిలబడిన లిఫ్టర్ తన షూటర్‌కు చాటుగా సైగ ఇచ్చేది అక్కడే. రెండు వేళ్ళు తెరుచుకున్నాయి. కాసేపటికి ఒకటి ముడుచుకుంది. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. తన చెయ్యి ఏం చేస్తోందో ఆయనకు తెలిసినట్టు లేదు.

షాహీదాబీ తెచ్చిన చాయ్ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. షరీఫ్ టోపీ పెట్టుకుని, అక్కకు చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున ఏడింటికే బండి హారన్ మోగింది. "పులివెందులకు పోయొస్తాం, ఎక్కు" అన్నాడు షరీఫ్. కొత్త చొక్కా కాదు, ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని ఉన్నాడు. సెలవు చెప్పమని ప్రశాంతికి ఫోన్ చేసి, సాయంత్రం లోపు వచ్చి ఫైలు మూస్తానని చెప్పి ఆర్షియా ఎక్కింది.

ఎర్రగుంట్ల చేరారు. సిమెంటు లారీలు వరసగా నిలబడిన చోట టీ బంకు దగ్గర బండి ఆపాడు. గ్లాసు మీద పడుతున్న దుమ్మును ఊదుతూ, రోడ్డును చూస్తూ చెప్పాడు.

"రెండు వేళ్ళు చూపించినా మొదట. రెండంటే ఎత్తు బంతి, ఎనక్కి పోయి ఉరికొచ్చి కొట్టల్ల. వాడు చూసినాడు. అప్పుడే ఎదురోళ్ళు ఇద్దరు అటు జరిగిరి. ఒగటి చేసినా. ఒగటంటే పొట్టి బంతి, నా పక్కనే ఎగరల్ల. వాడు చూసినాడనే అనుకున్న్యా పాపా. ఇన్నేండ్లూ అదే అనుకుంటి. అనుకునేదానికేం, దాంట్లో నాకి ఉద్యోగం ఉండె, పిల్లోళ్ళ సదువులుండె."

"నిన్న ఏం గుర్తొచ్చింది మామూ?"

"వాని మొగం. ఒగటి చేసేతలికి వాని మొగం నా పక్క లేదు. వచ్చే బంతిని చూస్తాండాడు. అది నాకి అప్పుడే తెలుసు. తెలిసే ఎత్తినా."

చిన్నప్పటి నుంచీ ఆర్షియాకు మామూ అంటే తప్పు చెయ్యని వేళ్ళు. ఇప్పుడు ఆ వేళ్ళే గ్లాసు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. కోపం వచ్చింది, జాలి వేసింది, ఏది ముందో తెలియలేదు. టీ సగం పారబోసి బండెక్కింది.

నారాయణ ఇల్లు వేములలో. పని మాత్రం పులివెందుల బయట అరటికాయల షెడ్డులో. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన గెల పట్టుకుని ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి, నడుం దగ్గర కాస్త వంగాడు. చిన్న కత్తితో గెల నుంచి ఒక్కో వరస కోసి, పాలు కారే మొదలును గుడ్డతో అద్ది, నీళ్ళ తొట్టిలోకి వదులుతున్నాడు. తొట్టికి అవతల ఆయన భార్య వనజమ్మ వాటిని తీసి, మచ్చ ఉన్నవి పక్కకు పెట్టి, మిగతావి పెట్టెల్లో సర్దుతోంది. షరీఫ్‌ను చూసి ఆమె చేతులు ఆగాయి. నారాయణవి ఆగలేదు.

"షరీఫూ. ఏంది ఇట్లొచ్చినావు?"

"నీకాడికే అప్పా. ఈ పాప మా అక్క కూతురు, ఆర్షియా."

"కూర్చోమ్మా. ఆ పెట్టె తిరగేసుకో."

షరీఫ్ కూర్చోలేదు. తొట్టి అంచు పట్టుకుని, ఎర్రగుంట్లలో చెప్పిందంతా అదే వరసలో మళ్ళీ చెప్పాడు. నారాయణ ఇంకో వరస కోశాడు, ఇంకోటి. మాటలు అయిపోయాక కత్తి తుడిచాడు.

"రెండే చూసినా నేను. ఆ పొద్దు అందరికీ చెప్పినా కదా. ఫ్యాక్టరీ సార్లకూ చెప్పినా. నువ్వు నేల చూసుకుంటా నిలబడితివి."

"వాళ్ళు నన్నడగలా నారాయణా."

"నువ్వూ చెప్పలా."

అప్పుడు వనజమ్మ అంది, షరీఫ్‌తో కాదు, చేతిలో కాయలతో అన్నట్టు. "మా వర్షిత బళ్ళో వాలీబాల్ ఆడతాది. మొన్న ఇంటికొచ్చి, నాయనా, నారాయణ బంతి అంటారు, ఆ నారాయణ ఎవురు అని అడిగె. ఈయప్ప తెలీదమ్మా అన్న్యాడు."

ఎవరూ అడగకపోయినా ఆర్షియా నోరు ఊరుకోలేదు. "నేను గూడా వాడినా మామా. మా ఆఫీసులో అమెరికా ఆటలకు గుర్తులు పెడతాం. ఎవురన్నా బంతి వదిలేస్తే నీ పేరు రాస్తాం. మొదలుపెట్టింది నేనే."

నారాయణ మొదటిసారి పని ఆపి ఆమె వైపు చూశాడు. "అమెరికావోళ్ళకా?"

"ఊఁ."

"శానా దూరం పోయినా కదనే" అన్నాడు భార్యతో. నవ్వాడో లేదో ఆర్షియాకు తెలియలేదు. గెల ఇంకోవైపు తిప్పాడు. "షరీఫూ, నువ్వు చెప్పింది ఇన్న్యా. ఈడ నేనూ ఇదీ ఇన్న్యాం. మాకు ముందే తెలుసు ఆ సంగతి. తెలీనోళ్ళు ఆడుండారు. రేపు మైకు నీ చేతికే ఇస్తారంట కదా."

షరీఫ్ తల ఊపాడు. బండి తిప్పుకుంటుంటే వనజమ్మ నాలుగు అరటిపండ్లు ఆర్షియా చేతిలో పెట్టింది.

సాయంత్రం ఆఫీసులో ఆర్షియా ఆఖరి గడి తెరిచి 'విసిరినవాడు' అని మార్చింది. వివరాల గడిలో ఎన్ తీసేసి, 'ఆయన అప్పుడే చెప్పాడు' అని రాసింది. తరువాత ఎన్ అని వెతికితే ఒక్క ఆమె పేరు మీదే మూడు వందల పన్నెండు లేచాయి. ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టింది. ప్రశాంతి సంచి భుజానికి తగిలించుకుని, "మళ్ళ ఇంగ వాటికేం పేరు పెట్టల్ల?" అంది.

"పేరెందుకు? బంతి అందలా అని రాస్తాం."

ప్రశాంతి ఆమెను తేరిపార చూసి, సంచి కింద పెట్టి, తన ఫైళ్ళు తెరిచింది.

ఆదివారం జమ్మలమడుగు మైదానంలో నాలుగింటికే జనం నిండారు. షామియానా కింద షరీఫ్‌కు శాలువా కప్పారు. మైకు పట్టుకున్నాయన ఏటేటా చెప్పే మాటే ఎత్తుకున్నాడు. మన లిఫ్టర్ షరీఫ్ ఎత్తిన బంతి దేవుడికైనా అందుతుంది, ఒక్క నారాయణకు తప్ప అని. జనం తయారుగా ఉన్న నవ్వు నవ్వారు. షరీఫ్ లేచి మైకు తీసుకున్నాడు. శాలువా జారింది, పట్టించుకోలేదు.

"ఆ బంతి నాది" అన్నాడు. "నేను రెండు చూపించి ఒగటి ఎత్తినా. నారాయణ చూడలేదని నాకి తెలుసు. వాడు రావాల్సిన తావుకే పోయినాడు. బంతే పోలా. ఆ పొద్దు ఉద్యోగం ఎవురికి రావల్లో నాకి తెల్దు, మాట మాత్రం నాకి రావల్ల. ఇరవై రెండేండ్లు వాని మీద పెట్టి తిరిగినా."

ఎవరో రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయారు. వెనక నుంచి ఒకాయన, "అట్లంటాడుగానీ షరీఫ్‌ది పెద్ద మనసబ్బా" అన్నాడు. తెర మీద చూసిన చప్పట్లే మళ్ళీ వస్తాయనుకుంది ఆర్షియా. షరీఫ్ మైకు వదల్లేదు. "మనసు కాదప్పా" అని వీపు జనం వైపు తిప్పాడు. చెయ్యి వెనక్కి పెట్టి, అందరికీ కనపడేలా రెండు వేళ్ళు చాపాడు. ఒకటి ముడిచాడు. "ఇట్ల. ఇట్ల చేసినా. వాడు అప్పటికే బంతిని చూస్తాండాడు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడినవాళ్ళు చాలామంది ఉన్నారక్కడ, వాళ్ళకు ఆ వేళ్ళు అర్థమయ్యాయి. నిర్వాహకులు తొందరగా మైకు తీసుకుని ఆట మొదలుపెట్టించారు.

రెండో సెట్టులో ఒక షూటర్ బంతి కాడికి రాకుండా ఎక్కడో ఎగిరాడు. ఏళ్ళ అలవాటు కదా, నాలుగు గొంతులు "నారాయణ" అని లేచి, సగంలో తడబడ్డాయి. గోడ పక్కనున్న ఒక నడివయసాయన, "ఇప్పుడే గదరా చెప్న్యాడు. అది షరీఫ్ బంతి" అన్నాడు. మైదానం గొల్లుమంది. షరీఫ్ బంతి, షరీఫ్ బంతి అంటూ మాట ఈ మూల నుంచి ఆ మూలకు పోయింది. రేపు ఎర్రగుంట్లకు, ఎల్లుండికి పులివెందులకు చేరుతుందని ఆర్షియాకు తెలిసిపోయింది.

మామూ కోసం చూస్తే ముఖ్య అతిథి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన శాలువా చంకలో పెట్టుకుని, మైదానం అవతలి సిమెంటు మెట్ల వైపు నడుస్తున్నాడు. అక్కడ పై మెట్టు మీద నారాయణ కూర్చుని ఉన్నాడు. పక్కన బడి జెర్సీలో పద్నాలుగేళ్ళ పిల్ల, వర్షిత కావాలి, నాన్న ముఖాన్నే చూస్తోంది. ఆర్షియా పరుగున వెళ్ళి కింది మెట్టు దగ్గర ఆగింది.

షరీఫ్ నిలబడే ఉన్నాడు. నారాయణ ఆట వైపు చూస్తూనే అన్నాడు.

"నాది ఇరవై రెండేండ్లు నడిచింది షరీఫూ. నీది ఎన్నేండ్లు నడుస్తాదో చూస్తాం."

అని, పక్కనున్న నీళ్ళ సీసా తీసి అటు పెట్టి, కాస్త జరిగాడు. షరీఫ్ కూర్చున్నాడు. కింద బంతి మళ్ళీ లేచింది. జనమంతా బంతి వైపు చూస్తుంటే, వాళ్ళిద్దరూ లిఫ్టర్ వీపు వెనకున్న వేళ్ళను చూశారు.